నిప్పు మనది.. నష్టం అడవిది

కార్చిచ్చుల్లో అత్యధికం మానవ తప్పిదాలే
ఎండలు ముదరకముందే మేల్కొంటేనే రక్షణ
కేబీఆర్ ఉద్యానవనం నుంచి నల్లమల వరకు ఇదే పాఠం

శ్రీనగర్ కాలనీ: శివరాత్రితో చలి శివశివా అంటూ వెళ్లిపోతుందని పెద్దల మాట. అది వెళ్తూ వెళ్తూ చెట్ల ఆకును కూడా రాల్చి వెళ్తుంది. జూబ్లీహిల్స్‌లోని కాసు బ్రహ్మానందరెడ్డి జాతీయ ఉద్యానవనానికి ఉదయపు నడకకు వెళ్లే శ్రీనగర్ కాలనీ, యూసుఫ్‌గూడ, బంజారాహిల్స్ వాసులకు ఫిబ్రవరి నుంచే కాలిబాట పక్కన ఎండుటాకుల గలగల వినిపిస్తుంది. ఇవే రోజుల్లో నగరం నుంచి ఎన్నో కుటుంబాలు కార్లలో శ్రీశైలం బయలుదేరుతాయి. మన్ననూరు దాటిన తర్వాత రోడ్డుకు ఇరువైపులా నల్లమల అడవి సైతం ఆకు రాల్చి నిలబడి ఉంటుంది. కారు కిటికీ నుంచి విసిరిన ఒక సిగరెట్ పీక, వంట ముగించి ఆర్పకుండా వదిలేసిన ఒక మూడు రాళ్ల పొయ్యి.. ఆ అడవి అంటుకోవడానికి ఇవి చాలు.

భూకంపం, తుపాను, వరదల సరసన కార్చిచ్చును కూడా ప్రకృతి వైపరీత్యంగా లెక్కించడం పరిపాటి. కానీ వాటికీ దీనికీ ఒక ముఖ్యమైన భేదం ఉంది. భూకంపాన్ని ఆపలేం. తుపానును మళ్లించలేం. కార్చిచ్చును మాత్రం పుట్టకముందే నివారించవచ్చు. మన దేశంలో అడవి మంటల్లో 95 శాతం దాకా మనుషుల చేతల వల్లనే రగులుతున్నాయన్నది అటవీ నిపుణుల అంచనా. పిడుగుల వల్ల పుట్టే మంటలు మన ప్రాంతంలో బహు స్వల్పం. వెదుళ్లు ఒరుసుకుని నిప్పు పుడుతుందన్న మాట తరతరాలుగా వినవస్తున్నా, మన అడవుల్లో ఏటా రేగే మంటలకు అది కారణం కాదు.

లెక్కలు ఏమంటున్నాయి?

డెహ్రాడూన్‌లోని భారత అటవీ సర్వే సంస్థ ఉపగ్రహాల సాయంతో అడవి మంటలను గుర్తిస్తుంది. ఆ సంస్థ 2023 నివేదిక ప్రకారం, 2023 నవంబరు నుంచి 2024 జూన్ వరకు దేశవ్యాప్తంగా 2 లక్షల 3 వేలకు పైగా అగ్ని స్థానాలు నమోదయ్యాయి. ఉత్తరాఖండ్, ఒడిశా, ఛత్తీస్‌గఢ్ మొదటి మూడు స్థానాల్లో ఉన్నాయి. ఆంధ్రప్రదేశ్‌లో 18 వేలకు పైగా, తెలంగాణలో 13 వేలకు పైగా స్థానాలు లెక్కకు వచ్చాయి. ఒకే పెద్ద మంట పలు స్థానాలుగా నమోదు కావచ్చు. కాబట్టి ఇవన్నీ వేర్వేరు ప్రమాదాలని భావించరాదు. అయినప్పటికీ ఉభయ తెలుగు రాష్ట్రాల్లో సమస్య తీవ్రత ఎంతటిదో ఈ అంకెలు తెలియజేస్తున్నాయి. దేశంలోని అటవీ విస్తీర్ణంలో మూడో వంతుకు పైగా తరచూ మంటల బారిన పడే అవకాశం ఉన్నదేనని అదే సంస్థ 2019 నివేదికలో పేర్కొంది.

మంట నడక తీరు

నిప్పు నిలవడానికి మూడు కావాలి. వేడి, గాలిలోని ప్రాణవాయువు, మండే పదార్థం. వీటిలో ఏ ఒక్కటి లేకపోయినా మంట ఆరిపోతుంది. అడవిలో గాలికి కొరత లేదు. ఎండాకాలంలో వేడికీ కొరత లేదు. మనం తగ్గించగలిగినది మండే పదార్థాన్ని, అరికట్టగలిగినది తొలి నిప్పురవ్వను మాత్రమే. అగ్ని నియంత్రణ పద్ధతులన్నిటికీ మూలసూత్రం ఇదే.

అడవి మంటలు ప్రధానంగా మూడు రకాలు. నేలపై ఉన్న ఆకులను, గడ్డిని కాల్చుకుంటూ సాగేది నేలమంట. చెట్ల తలలను అంటుకుని ఒక చెట్టు నుంచి మరో చెట్టుకు దూకేది శిఖర మంట. నేల లోపలి వేళ్లలో, కుళ్లిన ఆకుల పొరలో పైకి కనిపించకుండా రగిలేది భూగర్భ మంట. తెలుగు నేలపై ఉన్న అడవులు చాలావరకు ఆకు రాల్చే రకానికి చెందినవి. అందువల్ల ఇక్కడ కనిపించేది సాధారణంగా నేలమంటే. మోకాలెత్తు, నడుమెత్తు మంట మెల్లగా పాకుతుంది. చూసేవారికి అంత భయంకరంగా అనిపించదు. ప్రజల్లో నిర్లక్ష్యానికి ఇదీ ఒక కారణం.

గాలి, వాలు ఈ మంటకు రెక్కలు తొడుగుతాయి. కొండవాలుపై మంట కింది నుంచి పైకి వేగంగా ఎగబాకుతుంది. పైనున్న గడ్డి, పొదలు ముందే వేడెక్కి, మంట చేరగానే భగ్గుమనడమే దీనికి కారణం. వాలు 10 డిగ్రీలు పెరిగితే మంట వేగం దాదాపు రెట్టింపవుతుందని అగ్నిమాపక శిక్షణలో బోధిస్తారు. లోయలు, వాలులతో నిండిన నల్లమల, శేషాచలం వంటి చోట్ల మంటలను అదుపు చేయడం కష్టసాధ్యం కావడానికి ఇదే హేతువు.

ఎవరి చేతి నిప్పు?

అడవిలో నిప్పు పెట్టే ప్రతి ఒక్కరూ దుర్మార్గులు కారు. చాలాసార్లు ఆ నిప్పు వెనుక బతుకుతెరువు ఉంటుంది. ఇప్పపూలు రాలే కాలంలో చెట్టు కింద నేల శుభ్రంగా కనిపించాలని ఆకులను కాలుస్తారు. తునికి మొక్కలకు లేత చిగురు రావాలని పొదలకు నిప్పంటిస్తారు. పశువులకు కొత్త గడ్డి మొలవాలని కాపరులు ఎండుగడ్డిని తగలబెడతారు. పోడు కొట్టుకున్న చేలలో పెట్టిన మంట గట్టు దాటి అడవిలోకి పాకుతుంది. తేనె పట్టేవారు పొగ పెట్టిన కాగడాను సరిగా ఆర్పకపోవడం, వేటగాళ్లు జంతువులను ఒక వైపునకు తరమడానికి నిప్పు పెట్టడం కూడా ఉన్నాయి.

మరోవైపు బయటి నుంచి వచ్చేవారి నిర్లక్ష్యం ఉంది. శివరాత్రికి, ఉగాదికి నల్లమల మీదుగా కాలినడకన శ్రీశైలం చేరే భక్తులు వేల సంఖ్యలో ఉంటారు. చైత్ర పౌర్ణమికి నాగర్‌కర్నూల్ జిల్లా అడవుల్లోని సలేశ్వరం జాతర జరుగుతుంది. ఈ మూడు సందర్భాలూ అడవి పూర్తిగా ఎండి ఉన్న రోజుల్లోనే వస్తాయి. దారిలో వంటలు, రాత్రి మజిలీల్లో చలిమంటలు, బీడీ సిగరెట్లు ప్రమాదానికి దారితీస్తున్నాయి. వీటికి విహారయాత్రికుల విందులు తోడవుతున్నాయి. అడవి మధ్యగా వెళ్లే విద్యుత్ తీగలు కొమ్మలకు తగిలి రవ్వలు రాలడం మరో కారణం.

శేషాచలం నేర్పిన పాఠం

2014 మార్చిలో తిరుమల కొండలను ఆనుకుని ఉన్న శేషాచలం అడవుల్లో మంటలు చెలరేగాయి. రాష్ట్రం అప్పటికి ఇంకా విడిపోలేదు. అటవీ, అగ్నిమాపక సిబ్బంది, దేవస్థానం ఉద్యోగులు శ్రమించినా మంటలు లొంగలేదు. పాపవినాశనం మార్గంలో భక్తుల రాకపోకలను నిలిపివేయవలసి వచ్చింది. చివరకు భారత వాయుసేన హెలికాప్టర్లను రప్పించి, వాటికి వేలాడదీసిన పెద్ద బకెట్లతో నీటిని కుమ్మరించారు. తెలుగువారికి కార్చిచ్చు తీవ్రత అంతగా తెలిసివచ్చిన సందర్భం మరొకటి లేదు.

శేషాచలం సామాన్యమైన అడవి కాదు. ప్రపంచంలో మరెక్కడా సహజంగా పెరగని ఎర్రచందనానికి రాయలసీమ కొండలే పుట్టిల్లు. 1989లో ఇక్కడ శ్రీ వేంకటేశ్వర జాతీయ ఉద్యానవనం ఏర్పడింది. 2010లో శేషాచలాన్ని జీవావరణ పరిరక్షణ ప్రాంతంగా ప్రకటించారు. అటువంటి అడవిలో వాలులు, ఇరుకు లోయల మధ్య మంట ఒకసారి విస్తరిస్తే ఫైరింజన్ వెళ్లడానికి దారి ఉండదు. నీటి కంటే ముందుచూపే అక్కడ పనికివచ్చే ఆయుధం.

చెట్టు నిలబడే ఉంటుంది.. అడవి తరిగిపోతుంది

నేలమంట దాటిపోయిన తర్వాత నాలుగు వానలు పడితే అడవి మళ్లీ పచ్చగా కనిపిస్తుంది. ఏమీ కాలేదనుకుంటాం. నిజానికి నష్టం కంటికి కనిపించని చోట జరుగుతుంది. పెద్ద చెట్లు మందపాటి బెరడు వల్ల బతికి బయటపడతాయి. కానీ వాటి కింద ఉన్న గింజలు, మొలకలు, రెండు మూడేళ్ల పిల్ల మొక్కలు కాలిపోతాయి. ఏటా ఇదే జరిగితే ముసలి చెట్లు మిగులుతాయి తప్ప వాటి స్థానంలో నిలిచే తరం ఉండదు. నిప్పును తట్టుకునే కొద్ది రకాల చెట్లు, గడ్డి, లాంటానా వంటి పరాయి పొదలు ఆ చోటును ఆక్రమిస్తాయి. వచ్చే వేసవిలో అవే మరింత సులువుగా మండుతాయి.

నేలపై గూడు పెట్టే పక్షుల గుడ్లు, పరుగెత్తలేని తాబేళ్లు, అలుగులు, పాములు, లెక్కలేనన్ని పురుగులు ఆ మంటలో ఆహుతి అవుతాయి. జింకలు, దుప్పులు మేత వెదుక్కుంటూ పొలాలకు వస్తాయి. ఎండుటాకులు కుళ్లి ఎరువుగా మారే పొర పోవడంతో నేల గట్టిబారుతుంది. తొలకరి వానకు బూడిద, పైమట్టి కలిసి వాగుల్లోకి కొట్టుకుపోతాయి. నేలలోకి ఇంకవలసిన నీరు పైనుంచే పారిపోతుంది.

ఇది అడవికి పరిమితమైన నష్టం కాదు. హైదరాబాద్ నగరం తాగే నీటిలో పెద్ద భాగం నాగార్జునసాగర్ నుంచి వచ్చే కృష్ణా జలాలే. శ్రీశైలం, సాగర్‌ల నడుమ ఆ నదికి ఇరువైపులా ఉన్నవి నల్లమల కొండలు. కొండపై ఆకుల పొర కాలిపోతే ఆ మట్టి చేరేది ఆ జలాశయాలకే. నల్లమలలో మంటకూ నగరంలోని కుళాయికీ బంధం ఉన్నదని గ్రహించాలి.

అక్కడి చిత్రసీమలో జరిగింది ఇదీ..

ఫిల్మ్‌నగర్‌కు పొరుగున నివసించేవారికి అమెరికాలోని లాస్ ఏంజెలిస్ పేరు కొత్త కాదు. హాలీవుడ్ చిత్రసీమకు నిలయమైన ఆ నగరం 2025 జనవరి 7న కార్చిచ్చుల్లో చిక్కుకుంది. నెలల తరబడి వాన లేక ఎండిపోయిన పొదలు, గంటకు 130 కిలోమీటర్లు దాటిన పొడి ఈదురుగాలులు, కొండవాలుపై కట్టిన ఇళ్లు.. ఈ మూడూ కలిశాయి. పాలిసేడ్స్, ఈటన్ అనే రెండు పెద్ద మంటల్లో 16 వేలకు పైగా కట్టడాలు కాలిపోయాయి. సుమారు 30 మంది ప్రాణాలు కోల్పోయారు. సినీ ప్రముఖుల భవనాలూ, సామాన్యుల ఇళ్లూ ఒకే తీరుగా బూడిదయ్యాయి. ఎత్తైన ప్రాంతాల్లో కొన్ని అగ్నిమాపక కుళాయిలకు నీరందక సిబ్బంది నిస్సహాయులయ్యారు.

పాలిసేడ్స్ మంట పుట్టుక గమనించదగినది. జనవరి 1న రేగిన ఒక చిన్న మంటను ఆర్పివేశామనుకున్నారని, అది నేల లోపల వేళ్లలో రగులుతూ ఉండి వారం రోజులకు గాలి తోడై పైకి వచ్చిందని అక్కడి దర్యాప్తు అధికారులు 2025 అక్టోబరులో వెల్లడించారు. మంట ఆరడం వేరు, నిప్పు చల్లారడం వేరు. ఆర్పిన చోట మట్టిని తిరగవేసి, నీళ్లు పోసి, చేతితో తాకి చల్లబడినదని నిర్ధారించుకునే వరకు పని పూర్తయినట్లు కాదు.

మన నగరంలో ఇళ్లు ఇటుక, సిమెంటుతో కట్టినవి. ఆ స్థాయి గాలులూ ఇక్కడ లేవు. కాబట్టి అక్కడిలా కాలనీలకు కాలనీలు తగలబడతాయన్న భయం అనవసరం. మన ప్రమాదం వేరు. ఇక్కడ మంట ఇళ్లను కాల్చదు, అడవిని సడిచప్పుడు లేకుండా ఏటేటా పలుచన చేస్తుంది.

నివారణే నియంత్రణ

అటవీ శాఖ పని జనవరిలోనే మొదలుకావాలి. రోడ్ల వెంట, అడవి భాగాల నడుమ కొన్ని మీటర్ల వెడల్పున ఆకు, గడ్డి తొలగించి అగ్నిరేఖలు వేస్తారు. మంట అక్కడిదాకా వచ్చి మేత దొరక్క ఆగిపోవాలన్నది ఉద్దేశం. కొన్నిచోట్ల ఎండలు ముదరకముందే రోడ్ల పక్కన ఉన్న ఎండుగడ్డిని సిబ్బందే అదుపులో ఉంచి కాల్చివేస్తారు. మంట రేగాక పచ్చికొమ్మలతో కొట్టడం, బ్లోయర్లనే ఊదుడు యంత్రాలతో ఆకులను తొలగించి దారి తెంచడం, అనుభవజ్ఞుల పర్యవేక్షణలో ఎదురుమంట పెట్టడం వాడుకలో ఉన్న పద్ధతులు.

భారత అటవీ సర్వే సంస్థ 2004 నుంచి ఉపగ్రహ సమాచారంతో హెచ్చరికలు పంపుతోంది. 2017 నుంచి మరింత సూక్ష్మంగా, 375 మీటర్ల స్థాయిలో మంటలను పసిగట్టగల ఉపకరణం సమాచారమూ తోడైంది. పేరు నమోదు చేసుకున్న ఎవరికైనా ఎస్ఎంఎస్ ద్వారా ఈ హెచ్చరికలు అందుతాయి. అయితే ఉపగ్రహం పైనుంచి వెళ్లే వేళకు మంట చెట్ల నీడలో చిన్నదిగా ఉంటే దానికి కనిపించకపోవచ్చు. కనిపించినా ఆర్పవలసింది మనుషులే. 2,611 చదరపు కిలోమీటర్ల అమ్రాబాద్ పులుల అభయారణ్యంలో దారులు, నీటి చెలమలు, గాలి పోకడ తెలిసినవారు చెంచులు. వారిని కాపలాదారులుగా నియమించుకోవడం వల్ల మంటను తొలి గంటల్లోనే అదుపు చేసే వీలు కలుగుతోంది. 2018లో కేంద్రం రూపొందించిన జాతీయ కార్యాచరణ ప్రణాళిక సైతం స్థానికుల భాగస్వామ్యానికే పెద్దపీట వేసింది.

నిషేధాలతోనే సమస్య తీరదు. ఇప్పచెట్టు కింద ఆకులు కాల్చే బదులు వలలో, పాత చీరలో పరిస్తే పూలు శుభ్రంగా దొరుకుతాయి. తునికి పొదలను కాల్చే బదులు కొడవలితో కొట్టినా చిగురు వస్తుంది. ఆ కూలీ సకాలంలో అందితే నిప్పు పెట్టే అవసరం ఉండదు.

మన వాకిట్లోని అడవి

శ్రీనగర్ కాలనీకి రెండు మూడు కిలోమీటర్ల దూరంలోనే ఉన్న కేబీఆర్ ఉద్యానవనం 400 ఎకరాలకు కాస్త తక్కువ. నిజాం వారసుడు ముకరం జాకు చెందిన చిరాన్ ప్యాలెస్ ఈ ప్రాంగణంలోనే ఉంది. 1998లో దీనిని జాతీయ ఉద్యానవనంగా ప్రకటించారు. బండరాళ్ల నడుమ ముళ్లపొదలు, ఎండుగడ్డి, ఆకు రాల్చే చెట్లు.. స్వభావంలో ఇది దక్కన్ అడవికి చిన్న నమూనా. నెమళ్లు, ముళ్లపందులు, ముంగిసలు, పాములు ఇక్కడ నివసిస్తున్నాయి. నల్లమలలో మంట రేగితే జంతువు మరో కొండకు పారిపోగలదు. ఇక్కడ చుట్టూ రద్దీ రోడ్లే. పారిపోయేందుకు చోటు లేదు. పొగ వస్తే అది చేరేది సమీపంలోని ఆసుపత్రులకు, ఇళ్లకు.

అందుకే చుట్టుపక్కల నివసించేవారికి కొంత బాధ్యత ఉంది. ఉద్యానవనం గోడల పక్కన, ఖాళీ స్థలాల్లో, వీధి మలుపుల్లో ఆకులు పోగేసి తగలబెట్టడం మానాలి. బహిరంగంగా చెత్త కాల్చడాన్ని జాతీయ హరిత ట్రైబ్యునల్ 2016 డిసెంబరులో దేశమంతటా నిషేధించింది. ఉల్లంఘనకు రూ.5 వేలు, పెద్ద ఎత్తున కాలిస్తే రూ.25 వేలు జరిమానా విధించాలని ఆదేశించింది. ఆ ఆకులనే గుంతలో వేసి తడిపి ఉంచితే కొన్ని నెలల్లో మొక్కలకు ఎరువవుతుంది. వేడుకల పేరిట గాలిలోకి వదిలే కాగితపు లాంతర్లు ఎక్కడ వాలతాయో వదిలినవారికే తెలియదు. వాటికి దూరంగా ఉండటం శ్రేయస్కరం.

అడవి దారిలో వెళ్లేటప్పుడు..

అడవిలో పొయ్యి వెలిగించరాదు. పొగ తాగరాదు. మద్యం సీసాలు, ప్లాస్టిక్ పారవేయరాదు. అభయారణ్యంలో నిప్పు పెట్టడమే కాదు, ప్రమాదకరంగా నిప్పును వదిలి వెళ్లడం కూడా 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం 30వ సెక్షన్ ప్రకారం నేరమే. జాతీయ ఉద్యానవనాలకూ ఇదే వర్తిస్తుంది. పొగ కనిపిస్తే సమీపంలోని అటవీ తనిఖీ కేంద్రానికి గానీ, 101, 112 నంబర్లకు గానీ వెంటనే తెలపాలి.

కొండలెక్కే సరదా ఉన్న యువత 2018 మార్చి 11 నాటి విషాదాన్ని మరువరాదు. తమిళనాడులోని తేని జిల్లా కురంగణి కొండల్లో ట్రెక్కింగ్‌కు వెళ్లిన బృందాలు ఎండుగడ్డి వాలుపై మంటల్లో చిక్కుకోగా 20 మందికి పైగా మరణించారు. వేసవిలో అనుమతి లేకుండా అడవిలో అడుగు పెట్టకపోవడమే మొదటి రక్షణ. ఒకవేళ మంట ఎదురైతే వాలు పైకి పరుగెత్తరాదు. గాలికి అడ్డంగా పక్కకు, వీలైతే కిందికి జరగాలి. రోడ్డు, వాగు, బండరాతి నేల, అప్పటికే కాలి చల్లారిన చోటు సురక్షితం. తడిపిన నూలు గుడ్డను ముక్కుకు కట్టుకోవాలి. నైలాన్ దుస్తులు వేడికి కరిగి ఒంటికి అంటుకుంటాయి కాబట్టి నూలు బట్టలే మేలు.

భూతాపం పెరిగి ఎండలు ముందుగా, తీవ్రంగా వస్తున్న కొద్దీ అడవి ఎండిపోయే రోజులు పెరుగుతాయి. ఎండను మనం తగ్గించలేకపోవచ్చు. అగ్గిపుల్లను మాత్రం జేబులోనే ఉంచుకోగలం. ఈ వేసవిలో శ్రీశైలం ప్రయాణం కట్టేవారు మన్ననూరు దాటాక కిటికీ అద్దాలు ఎక్కించుకుని, చేతిలోని నిప్పును ఇంటి దగ్గరే వదిలి వెళితే ఆ అడవికి అంతకు మించిన మేలు లేదు.